ప్లగ్గు పీకినా తిరిగిన గ్రైండరు

మొన్న ఆదివారం మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను, మీ టీ చల్లారితే మళ్లీ పెట్టిస్తాను. ఇరవై ముగ్గురు మనుషులు, వాళ్లలో రాయపూర్ నుంచి కారేసుకుని వచ్చినవాళ్లు కూడా ఉన్నారు, మా హాల్లో చాపల మీద కూర్చుని, ఫ్యాన్లు ఆపించుకుని, కళ్లు మూసుకుని, మా అమ్మ వెట్ గ్రైండరు చప్పుడు మహా శ్రద్ధగా విన్నారు. వినిపించింది నేనే. ముందు వరసలో కూర్చుని తల ఊపింది కూడా నేనే.

నవ్వకండి, ఇంకా మొదలెట్టలేదు.

నాకో రికార్డ్ లేబుల్ ఉంది కదా. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. లేబుల్ అంటే పెద్ద ఆఫీసు అనుకునేరు. భిలాయి నెహ్రూ నగర్‌లో మా మేడ మీద గది, ఓ అల్మారా, రెండు మంచి మైకులు, నేను. అంతే లేబుల్. ఒక్కో ఆల్బం యాభై కేసెట్లు వేస్తాం. అవును, కేసెట్లే. మా ఆర్టిస్టులు పాటలు పాడరు. ఒకతను కూలర్‌లో నీళ్లు కారే చప్పుడుతో నలభై నిమిషాల ఆల్బం చేశాడు. ఇంకొకాయన ఇనప రేకుని వయొలిన్ కమానుతో గీస్తాడు. దీన్ని ఎక్స్‌పెరిమెంటల్ మ్యూజిక్ అంటారని అమ్మకి నాలుగేళ్లుగా చెప్తున్నాను. ఆవిడ నాలుగేళ్లుగా ఒకటే ప్రశ్న అడుగుతోంది. "అదంతా సరేగానీ, మ్యూజిక్ ఎప్పుడొస్తాదే?"

లేబుల్ పేరు 'గీర'. పాత రికార్డుల మీద గీరలు పడి గరగరమంటాయి కదా, అదీ నా ఉద్దేశం. పేరు చెప్పగానే అమ్మ "నీకు తగ్గదే పెట్టుకున్నావు" అంది. గీర అంటే పొగరని కూడా అర్థం ఉందని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. మొన్న ఆదివారం బాగా తట్టింది.

ఇప్పుడు మాధురి గురించి చెప్పాలి. అసలు బాధంతా ఆ పిల్ల గురించే. చరోదా రైల్వే కాలనీలో పుట్టి పెరిగింది, ఇరవై ఆరేళ్లు, మాటల్లో సగం హిందీ. రెండేళ్లుగా కాలనీ గోడ దగ్గరా, ఫుట్‌బ్రిడ్జి మీదా నిలబడి యార్డు చప్పుళ్లు రికార్డు చేస్తోంది. వ్యాగన్లు ఒకదానికొకటి తగులుకోవడం, బ్రేకులు కీచుమనడం, ఖాళీ బండి కదిలినప్పుడు ఈ కొస నుంచి ఆ కొసకి పరిగెత్తే చప్పుడు. అవన్నీ కలిపి ఇరవై నిమిషాల ముక్క ఒకటి చేసింది. దాని పేరు 'బి.ఎం.' అంటే భిలాయి మార్షలింగ్ యార్డు, గూడ్సు వ్యాగన్లని విడదీసి మళ్లీ బళ్లుగా కలిపే చోటు అన్నమాట, రైల్వేవాళ్లు బి.ఎం.యార్డే అంటారు. అదే ఆ పిల్ల మొదటి కేసెట్.

వాళ్ల నాన్న నూకరాజు గారు ఆ యార్డులోనే షంటింగ్ పని చేస్తారు, ముప్పై ఏళ్లుగా. వ్యాగన్లని ఏ లైనులోకి తోయాలో చూసి, ఇంజిన్ డ్రైవర్‌కి జెండా ఊపి, కేకేసి చెప్పేది ఆయనే. కూతురి రికార్డింగ్ ఒక్కటంటే ఒక్కటి వినలేదు. తోటివాళ్లు "నీ కూతురు చెవులకి డబ్బాలు తగిలించుకుని బ్రిడ్జి మీద నిలబడతాది, ఏటి కత?" అని అడిగితే ఆయనకి తలవంపులుగా ఉండేదట. ఇంట్లో ఆ మాట ఎత్తితే లేచి బయటికి వెళ్లిపోయేవారట.

కేసెట్ తయారయ్యాక మా ఇంట్లో వినే సభ పెట్టుకుంటాం, అందరం కూర్చుని మొదటిసారి కలిసి వింటాం. ఈసారి మాధురి నా దగ్గరికి వచ్చి, "దీదీ, నాన్న వస్తానన్నారు. అమ్మ ఒప్పించింది. బాగుంది అనక్కర్లేదు దీదీ, బస్ ఏక్ బార్ కూర్చుని వింటే చాలు" అంది. ఆ మాటంటూ నా వైపు చూడలేదు, గోడ వైపు చూసింది. "నేనున్నాను కదా, నిశ్చింతగా ఉండు" అన్నాను. నేనుండటమే ప్రమాదమని పాపం ఆ పిల్లకి అప్పటికి తెలియదు.

సరిగ్గా ఆ వారంలోనే మా గ్రైండరు పాడైంది. తిరుగుతుంది, పిండి రుబ్బుతుంది, కానీ లోపల గరగరమని ఒకటే గోల. సుపేలాలో సాహు భయ్యా అని మెకానిక్ ఉన్నాడు. ఫోన్ చేస్తే, "దీదీ, ఆవాజ్ రికార్డ్ కర్‌కే వాట్సాప్ కర్ దీజియే" అన్నాడు. చప్పుడు వింటే ఏం పోయిందో తెలిసిపోతుందట, ఆ పార్టు పట్టుకుని వస్తాడట. మామూలు మనుషులైతే ఏం చేస్తారు? ఫోన్ గ్రైండరు దగ్గర పెట్టి పది సెకన్లు రికార్డు చేసి పంపిస్తారు.

నేను రికార్డ్ లేబుల్ ఓనర్ని కదా!

మేడ మీంచి రెండు మైకులూ దించాను. స్టాండ్లు బిగించాను. ఎడమ మైకు బెల్టు వైపు, కుడి మైకు మోటారు వైపు. వంటింటి కిటికీ మూయించాను. గాజులు చప్పుడవుతాయని అమ్మ చేత గాజులు తీయించాను. ఫ్రిజ్ ఆపేశాను. అమ్మ గాజులు పళ్లెంలో పెట్టి నడుం మీద చేతులేసుకుని చూసింది. "సాహుకి పంపడానికా, సినిమా తీయడానికా? గ్రైండరుకి పౌడరు కూడా రాయమంటావేటి?" అంది. "అమ్మా, పద్నాలుగు నిమిషాలు నోరెత్తకు" అన్నాను. ఓ వాయి పప్పు నలిగేదాకా మొత్తం రికార్డు చేశాను. అది చాలక మేడ మీదికి వెళ్లి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, లెవెల్స్ సరిచేసి, అందంగా తయారు చేశాను. బెల్టు, మోటారు కాబట్టి ఫైలు పేరు 'బి.ఎం. ఫైనల్'.

మాధురి తన ముక్క పంపిన ఫైలు పేరు కూడా అదే కదా అని మీకు తట్టింది. నాకు తట్టలేదు.

శనివారం సాయంత్రం రెండు ఫైళ్లూ ఫోన్‌లోకి ఎక్కించాను. ఒకటి సాహు భయ్యాకి పంపేశాను. రెండోది సభకి ఉంచాను. వేసే ముందు ఓసారి విని చూసుకోవచ్చు కదా అంటారు. నాకో సిద్ధాంతం ఉంది లెండి. సభలో వినిపించేది ముందు రోజు వినను, చెవులు ఫ్రెష్‌గా ఉంచుకుంటాను. ఈ సిద్ధాంతం గురించి ఓ ఇంటర్వ్యూలో కూడా గొప్పగా చెప్పాను.

ఆదివారం నాలుగింటికి జనం వచ్చేశారు. రాయపూర్ నుంచి ఒక సర్ వచ్చాడు, మ్యూజిక్ గురించి బ్లాగు రాస్తాడు, చేతిలో ఎప్పుడూ నల్ల అట్ట నోటుబుక్కు ఉంటుంది. నూకరాజు గారు కూడా స్కూటర్ మీద వచ్చేశారు. ఇస్త్రీ చొక్కా, తడి దువ్వెనతో దువ్విన తల. చాప మీద ఓ కొసన కూర్చుని, "అమ్మా, నా బదులు ఓ మనిషిని నిలబెట్టి వచ్చాను. ఆరింటికల్లా నేను యార్డులో ఉండాల" అన్నారు. ఆ మాట మూడుసార్లు చెప్పారు. ఎప్పుడు లేచిపోదామా అన్నట్టు చెప్పులు విప్పిన చోటే చూస్తున్నారు.

తీరా చూస్తే మాధురి లేదు. కేసెట్ల అట్టలు ప్రింటింగ్ షాపు నుంచి తేవడానికి వెళ్లింది. ఫోన్ చేస్తే, "దీదీ, ఫాటక్ బంద్ హై, గేటేసేశారు. మాల్‌గాడీ అడ్డంగా నిలబడిపోయింది, కదలట్లేదు" అంది. రెండేళ్లు గూడ్సు బళ్ల వెంటపడితే, ఆ రోజు గూడ్సు బండే దాన్ని ఆపేసింది. "మీరు మొదలుపెట్టేయండి దీదీ, నాన్న వెళ్లిపోతారు" అంది. ఏడుపు గొంతు.

సరే, మొదలుపెట్టాను. కర్టెన్లు వేశాం. నేను నిలబడి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. "ఈ శబ్దంలో ఒక ఊరు ఉంది, ఒక శ్రమ ఉంది, ముప్పై ఏళ్ల జీవితం ఉంది. కళ్లు మూసుకోండి. ఏం జరిగినా మాట్లాడకండి" అన్నాను. ఫోన్‌కి వైరు తగిలించి 'బి.ఎం. ఫైనల్' నొక్కాను.

గరగరగరగర.

ఆహా, ఏం ధ్వని అనుకున్నాను. నిజం చెప్తున్నా, ఆ మాట మనసులో అనుకున్నాను. మాధురి చివరి నిమిషంలో కొత్తగా ఏదో చేసిందే, ఎంత దగ్గరగా ఉంది, ఎంత బరువుగా ఉంది అని కళ్లు మూసుకుని తల ఊపుతున్నాను. ఓ కన్ను తెరిచి చూస్తే రాయపూర్ సర్ నోటుబుక్కులో గబగబా రాస్తున్నాడు. నూకరాజు గారు మాత్రం కళ్లు మూసుకోలేదు. నుదురు ముడిచి స్పీకర్ వైపే చూస్తున్నారు. ముప్పై ఏళ్లు యార్డులో ఉన్న మనిషి, ఈ చప్పుడు నేనెప్పుడూ వినలేదేంటా అని ఆలోచిస్తున్నారు పాపం.

నాలుగో నిమిషంలో వంటింటి తలుపు ధడేలున తెరుచుకుంది. అమ్మ. చేతిలో గరిటె. అందరికీ పకోడీలు వేస్తోంది.

"ఎవర్రా గ్రైండరేసినారు? పాడైపోయిందని చెప్పినాను కదా, మోటారు కాలిపోద్ది, ఆపండి!"

ఎవరూ కదల్లేదు. ఏం జరిగినా మాట్లాడకండి అన్నాను కదా. ఇదీ ప్రోగ్రాంలో భాగమే అనుకున్నారు. రాయపూర్ సర్ కళ్లు తెరిచి, అమ్మని, గరిటెని చూసి, పేజీ తిప్పి మళ్లీ రాసుకున్నాడు. నాకు మాత్రం అప్పుడు తట్టింది. గ్రైండరు. బెల్టు, మోటారు. బి.ఎం. అయిపోయాను.

అమ్మ వంటింట్లోకి పరిగెత్తింది. రెండు సెకన్లలో తిరిగి వచ్చింది. ఈసారి మొహం పాలిపోయి ఉంది. "ఒలే అరుణా, ప్లగ్గు పీకీసే ఉంది. మరెలాగ తిరుగుతాంది?" అంది.

సరిగ్గా అప్పుడే స్పీకర్లోంచి అమ్మ గొంతు హాలంతా మోగింది. "ఒలే, నీళ్లు పొయ్యే, పిండి గట్టిపడిపోతాంది." నోరెత్తొద్దని చెప్పినా రికార్డింగ్‌లో ఆగలేకపోయింది. దాని వెనకాలే నా గొంతు, "ష్‌ష్‌ష్."

తలుపు దగ్గర నిలబడిన అమ్మ తన గొంతు తనే విని, స్పీకర్‌కి జవాబిచ్చింది. "పోసినాను కదే!"

ఒకావిడ చప్పట్లు కొట్టింది. మరో ఇద్దరు కలిశారు. నేను అప్పుడు నిజం చెప్పేయాల్సింది. క్షమించండి, తప్పు ఫైలు వేశాను అంటే అయిపోయేది. కానీ గీర ఊరుకోదు కదా. లేచి నిలబడి, పాట ఆపి, "ఇది ప్రిల్యూడ్" అన్నాను. "మన ఇంటి శబ్దం నుంచి యార్డు శబ్దం దాకా ఒక ప్రయాణం. కావాలనే ఇలా పెట్టాం" అన్నాను. రాయపూర్ సర్ "బ్యూటిఫుల్" అన్నాడు. అమ్మ నా వైపు చూసిన చూపు మీకు చూపించలేను.

నూకరాజు గారు అప్పుడే చేతులు నేల మీద ఆనించి లేవబోయారు. "నాకివి తెలీవమ్మా. మా పిల్ల బాగానే చేసుంటాది. డ్యూటీకి టైమవుతాంది" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, చిన్నబోయినట్టు ఉంది. కూతురు చేసింది తనకి అర్థం కాదని నమ్మేశారు. ఆయన గుమ్మం దాటితే మళ్లీ రారు. ఇంక మాధురి మొహం ఎలా చూడను? సరైన ఫైలు కోసం ఫోన్‌లో వెతుకుతున్నాను.

అప్పుడు ఫోన్ మోగింది. సాహు భయ్యా. కట్ చేద్దామని నొక్కాను. పచ్చది నొక్కాను. వైరు ఇంకా స్పీకర్లకే ఉంది. హాలంతా సాహు భయ్యా గొంతు.

"దీదీ, బీస్ మినిట్ పూరా సునా. యే గ్రైండర్ నహీ హై. యే తో మాల్‌గాడీ హై!"

ఇరవై నిమిషాలూ విన్నాడట, గ్రైండరు కాదట, గూడ్సు బండట. నా ప్రయాణం, నా ప్రిల్యూడ్ అన్నీ అక్కడికక్కడే గంగలో కలిశాయి. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. సాహు భయ్యా ఆగలేదు. తను ఇదివరకు వ్యాగన్లు రిపేరు చేసే షెడ్డులో పనిచేశాడట, అందుకే గుర్తుపట్టాడట. "ఔర్ దీదీ, బారా మినిట్ పే సునియే. ఏక్ పహియా చప్టా హై. టక్, టక్, టక్ బోల్ రహా హై" అన్నాడు. పన్నెండో నిమిషంలో వచ్చే బండికి ఒక చక్రం ఓ చోట అరిగి చదునైపోయింది, అందుకే టకటకమంటోంది అని.

గుమ్మం దాకా వెళ్లిన నూకరాజు గారు ఆగిపోయారు. ఓ చెప్పు కాలికి తొడుక్కున్నారు, రెండోది చేతిలో ఉంది. తిరిగి వచ్చి, వంగి, నా ఫోన్‌ దగ్గర నోరు పెట్టి అడిగారు. "కౌన్ బోల్ రహా హై? పహియా చప్టా? పక్కా?"

"పక్కా, సాబ్. ఫోన్ కే స్పీకర్ మే భీ సునాయీ దే రహా హై."

ఫోన్ స్పీకర్లో కూడా వినబడుతోందట. నూకరాజు గారు చెప్పు కింద పెట్టేసి నా వైపు తిరిగారు. "అమ్మా, ఆ రికార్డు ఎయ్యి. పన్నెండో నిమిషం."

ఆయన అడిగారు. మీకు తెలుస్తోందా? బతిమాలితే వచ్చిన మనిషి, తనంతట తాను వెయ్యమని అడిగారు. నేను వేశాను. ఆయన స్పీకర్‌కి చెవి ఆనించి, కళ్లు మూసుకున్నారు. ఆ రోజు మా హాల్లో అంత శ్రద్ధగా కళ్లు మూసుకున్నవాళ్లు ఇంకొకరు లేరు. టక్, టక్, టక్. "అవును. ఉన్నాది" అని నవ్వారు. "మొదట్నుంచీ ఎయ్యి తల్లీ."

సాహు భయ్యాని కట్ చెయ్యడం మర్చిపోయాను. అతనూ లైన్లోనే ఉండి మొత్తం మళ్లీ విన్నాడు. అమ్మ పకోడీలు వదిలేసి వచ్చి కూర్చుంది. నూకరాజు గారు వింటూ వింటూ పైకే చెప్పేస్తున్నారు, మాట్లాడకూడదనే రూలు ఎవరికీ గుర్తు లేదు. "ఇది అయిదో లైను. అక్కడ వంపుంటాది, అందుకే కీచుమంటాది. ఇది ఖాళీ బండి. ఇప్పుడు సూడండి, తగులుకుంటాయి." తగులుకున్నాయి. హాలంతా "ఓ" అంది. ఇనప రేకు గీసే మా ఆర్టిస్టు నాలుగేళ్లలో ఒక్కసారి కూడా అలాంటి "ఓ" అనిపించలేకపోయాడు.

ఈలోగా మాధురి ఆయాసపడుతూ వచ్చింది. చేతిలో అట్టల కట్ట. గుమ్మంలోనే ఆగిపోయింది. వాళ్ల నాన్న స్పీకర్ ముందు బాసింపట్టు వేసుకుని, ఇరవై రెండు మందికి యార్డు వివరిస్తున్నారు. నేను సైగ చేశాను, రావద్దు, అక్కడే ఉండు అని.

పదహారో నిమిషంలో చప్పుళ్లన్నీ తగ్గిపోయి, దూరం నుంచి ఒక కేక వినిపిస్తుంది. "ఆనే దో... ఆనే దో... బస్‌స్‌!" బండిని వెనక్కి రమ్మని డ్రైవర్‌కి చెప్పే కేక. అదే కేక మాధురి మళ్లీ మళ్లీ వచ్చేలా పెట్టింది. నెమ్మదిగా, పాటలా.

నూకరాజు గారు ఇక్కడ మాత్రం తికమకపడ్డారు. "ఎవడ్రా ఈడు? ఇంత గట్టిగా అరుస్తాడేటి? మా షిఫ్టోడు కాదే."

గుమ్మంలోంచి మాధురి అంది. "నువ్వే నాన్నా."

ఆయన వెనక్కి తిరిగి చూశారు. మళ్లీ స్పీకర్ వైపు చూశారు. ఆయన జేబులోంచి రుమాలు తీసి, మొహం తుడుచుకుంటున్నట్టు కళ్లు తుడుచుకున్నారు. "నేనింత గట్టిగా అరుస్తానా?" అన్నారు. "రోజూ" అంది మాధురి, ఏడుస్తూ నవ్వుతూ.

రికార్డు అయిపోయింది. గడియారం చూసి ఉలిక్కిపడి లేచారు. చెప్పులు తొడుక్కుంటూ కూతురితో, "రేపు నాది రెండో షిఫ్టు. ఆ డబ్బాలట్టుకుని రా. బ్రిడ్జి మీదేటి వినబడతాది? ఆఫీసులో అడిగి పర్మిషన్ తీయిస్తాను, మూడో లైను పక్కన నిలబెడతాను" అన్నారు. స్కూటర్ స్టార్ట్ చేసి, మళ్లీ ఆపి, అడిగారు. "ఆ అరిగిన చక్రం ఎప్పటిదే?"

"పోయిన చలికాలందీ నాన్నా."

"అయితే ఈపాటికి ఎక్కడ టకటకలాడతాందో" అని నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

ఇక నా సంగతి. సోమవారం సాహు భయ్యా వచ్చాడు. స్క్రూడ్రైవర్ మొన గ్రైండరుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఒక్క నిమిషం విన్నాడు. "బేరింగ్" అన్నాడు. మార్చేశాడు. నా రెండు మైకులు, నా పద్నాలుగు నిమిషాలు, అమ్మ తీసిన గాజులు, అన్నీ ఆ స్క్రూడ్రైవర్ ముందు దండగే. వెళ్తూ "దీదీ, వో దూస్‌రా వాలా గానా అచ్ఛా థా" అని మాధురి ముక్కని మెచ్చుకున్నాడు. కేసెట్ ఒకటి అడిగి పట్టుకెళ్లాడు.

మంగళవారం రాయపూర్ సర్ మెయిల్ పెట్టాడు. యార్డు ముక్క అద్భుతం, కానీ తనని నిద్రపోనివ్వనిది మొదటి ముక్క, ఆ వృద్ధ కళాకారిణితో లైవ్ ప్రోగ్రాం పెట్టించగలరా అని. అమ్మకి చదివి వినిపించాను. వృద్ధ అన్నందుకు ముందు కోప్పడింది. తర్వాత, "గ్రైండరు బాగుపడిపోయింది, ఇంక పలకదని రాసీ" అంది.

కూర్చుని ఆలోచిస్తే సిగ్గేసింది. అమ్మ పొయ్యి దగ్గర నుంచే, నూనె చిటపటల్లో తన గ్రైండరుని గుర్తుపట్టింది. సాహు భయ్యా పిసరంత ఫోన్ స్పీకర్లో వ్యాగన్ చక్రాన్ని గుర్తుపట్టాడు. నూకరాజు గారు లైను నంబర్లతో సహా చెప్పారు. లేబుల్ ఓనర్ని, చెవులు ఫ్రెష్‌గా ఉంచుకునేదాన్ని, నేను మాత్రం మా ఇంటి మినప్పప్పు నలుగుతుంటే నాలుగు నిమిషాలు పరవశించాను.

బుధవారం పొద్దున్న అమ్మ నా ముందు ప్లేటు పెట్టింది. నాలుగు ఇడ్లీలు, మల్లెపువ్వుల్లా ఉన్నాయి.

"నాలుగేళ్ల బట్టీ అడుగుతున్నాను కదే, ఇయ్యాల్టికొచ్చింది" అంది. "ఇదిగో మ్యూజిక్. తిను."

తల ఊపుతూ తిన్నాను.